కుడీ ఎడమా లేని బూట్లు

ఆరిన్ లీబ్రిక్ చేత బూట్లు కుట్టించుకోవాలంటే ముందు అతని ఉపన్యాసం వినాలి. వేరే దారి లేదు. జునియాటా నది ఒడ్డున హాలోవే కోట దగ్గర మా కంపెనీ గుడారాలు వేసినప్పుడల్లా, అతను మేపుల్ చెట్టు నీడన పొట్టి పీట వేసుకుని, మోకాళ్ళ మధ్య కొయ్య అచ్చు బిగించి, ఆరెతో తోలుకు బెజ్జాలు పొడుస్తూ, చూడవచ్చిన వాళ్ళందరికీ ఒకే పాఠం చెబుతాడు. పదిహేడువందల యాభై ఎనిమిదిలో బూట్లకు కుడి ఎడమలు లేవు. రెండూ ఒకే అచ్చు మీద కుట్టినవే. ఇవాళ కుడికాలికి తొడిగింది రేపు ఎడమకాలికి తొడగాలి. అలా మారుస్తూ పోతే రెండూ సమంగా అరుగుతాయి. ఇది విని ఎవరైనా నవ్వారో, ఆరిన్‌కు ఒళ్ళు మండుతుంది.

"నవ్వకండి. మీ పాదాలే సుకుమారం అయిపోయాయి. వాళ్ళ బూట్లకేం కాలేదు" అంటాడు.

కంపెనీ అంటే వ్యాపారం అనుకునేరు. ఎప్పుడో ఇక్కడ ఇంగ్లీషు రాజు పాలన ఉన్న నాటి సరిహద్దు సైనికుల వేషం కట్టి, వాళ్ళు కుట్టినట్టు కుట్టి, వాళ్ళు తిన్నట్టు తిని, వాళ్ళు నడిచినట్టు నడిచే జనం మేము. వారమంతా ఒకడు మందుల షాపులో మాత్రలు పొట్లాలు కడతాడు, ఒకామె బడిలో పిల్లల మీద అరుస్తుంది. శనివారం తెల్లారేసరికి అందరూ దళసరి ఉన్ని కోట్లు తగిలించుకుని, జూన్ ఎండలో చెమటలు కక్కుకుంటూ తయారు. వెర్రి అంటే వెర్రే. ఆ మాట ఎవరో అనక్కర్లేదు, మేమే ఒప్పుకుంటాం.

అయితే ఆరిన్ వెర్రికి ఒక కారణం ఉంది. కుర్రతనంలో అతను ఊరి బూట్ల ఫ్యాక్టరీలో పనిచేశాడు. బూటు అడుగున ఉండే అట్టలు అతికించే యంత్రం ముందు నిలబడి అట్ట పెట్టడం, మీట నొక్కడం, అట్ట తీయడం. ఏళ్ళ తరబడి అదే పని. చివరికి ఫ్యాక్టరీ మూతపడి ఇంటికి పంపేసిన రోజున అతనికి ఒక సంగతి తట్టింది. ఊళ్ళో సగం మంది కాళ్ళకు తన చేతి మీదుగా వచ్చిన బూట్లే ఉన్నాయి, కానీ మొదటి నుంచి చివరి దాకా ఒక్క బూటైనా తాను చేసింది లేదు. ఆ తర్వాత బడి బస్సు నడిపాడు. బస్సు నడుపుతూనే పాత పుస్తకాలు తెచ్చుకుని, నేలమాళిగలో కూర్చుని, వేళ్ళన్నీ చీరేసుకుంటూ బూటు కుట్టడం నేర్చుకున్నాడు. సూదికి బదులు అడవిపంది వెంట్రుక కట్టిన మైనపుదారం, రంపెతో కోసిన తోలు, రాతి మీద పెట్టి సుత్తితో చదును చేసిన అట్ట. మొదటి జత పూర్తయ్యాక దాన్ని వంటింటి బల్ల మీద పెట్టుకుని అన్నం తినకుండా చూస్తూ కూర్చున్నాడని మెర్ల్ యింగ్లింగ్ అందరికీ చెప్పి నవ్వించేవాడు.

ఈ మెర్ల్ అతని ప్రాణస్నేహితుడు, కంపెనీకి డ్రమ్ము వాయించేవాడు. ఆరిన్ పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం మధ్యాహ్నం భోజనం మాత్రం ఎప్పుడూ మెర్ల్ ఇంట్లోనే. మెర్ల్ భార్య ఫెర్న్ బల్ల మీద మూడు పళ్ళేలు పెట్టడం ఎంత అలవాటైపోయిందంటే, ఆరిన్ జ్వరంతో రాని రోజున కూడా మూడోది పెట్టేసి, మళ్ళీ తీయడం ఎందుకని ఉంచేసేది.

ఇద్దరి మధ్యా చిచ్చు పెట్టింది ఒక్క మాట. ఫార్బ్. ఆ మాట ఎక్కడ పుట్టిందో ఎవరికీ తెలీదు గానీ, మా వేషగాళ్ళ లోకంలో అంతకు మించిన తిట్టు లేదు. కోటు మీద మిషన్ కుట్టు కనపడితే ఫార్బ్. గుడారంలో ప్లాస్టిక్ సీసా దొరికితే ఫార్బ్. ప్రతి శిబిరంలో కవాతుకు ముందు అందరూ వరసగా నిలబడాలి, ఒకరు తనిఖీ చేయాలి. తప్పు దొరికినవాడు ఆ పూట మైదానం చుట్టూ కట్టిన తాడు అవతలికి పోయి చూడవచ్చిన జనంలో కూర్చోవాలి. ఈ నియమం పెట్టింది ఆరినే, తనిఖీ చేసేదీ ఆరినే.

కిందటి ఏడాది ఆకురాలు కాలం శిబిరంలో మెర్ల్ బూటు విప్పించి లోపల వేళ్ళు పెట్టాడు. మెత్తటి స్పాంజి తగిలింది. నీలం రంగుది. తాను స్వయంగా కుట్టి ఇచ్చిన బూటులో దుకాణం స్పాంజి. ఆరిన్‌కు అది బూటు మీద ఉమ్మినట్టనిపించింది. దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి, చచ్చిన ఎలుకను చూపించినట్టు వరసంతా చూపించాడు.

"ఫార్బ్" అన్నాడు.

వరస వరసంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. మెర్ల్ స్పాంజి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు, డ్రమ్ము భుజం మీంచి దించి గడ్డిలో పెట్టాడు, తాడు కింద నుంచి వంగి అవతలికి పోయాడు. ఆ పూట డ్రమ్ము లేకుండా కవాతు చేశాం. ఎవరి అడుగు వాళ్ళదే. సాయంత్రం చూస్తే మెర్ల్ కారు లేదు.

ఆ ఆదివారం ఆరిన్ భోజనానికి వెళ్ళలేదు. పై ఆదివారమూ వెళ్ళలేదు. వాడే పిలుస్తాడులే అనుకున్నాడు. చలికాలమంతా కంపెనీ ఊరి అగ్నిమాపక దళం వాళ్ళ ఫైర్ హాల్లో కూడి బట్టలు కుట్టుకుంటుంటే మెర్ల్ కుర్చీ ఖాళీ. 'అలక తీరేదాకా అలగనీ' అనేవాడు ఆరిన్. ఇంటికి పోయి డబ్బాలో సూపు వేడి చేసుకుని నిలబడే తాగేవాడు.

ఈస్టరు ముందు, జనం మాంసం మానేసే శుక్రవారాల్లో ఫైర్ హాల్లో చేపల వేపుడు అమ్ముతారు. మార్చిలో ఒక శుక్రవారం ఆ వరసలో ఫెర్న్ కనిపించింది. చేతిలో పార్సిల్ సంచి. ఆరిన్ ముందు తల తిప్పుకున్నాడు, మళ్ళీ తనే పలకరించాడు.

"మెర్ల్ ఏడీ? ఇంకా మూతి ముడుచుకునే ఉన్నాడా?"

"మూతికేం రోగం. కాలికొచ్చింది" అంది ఫెర్న్. "రెండు వేళ్ళు తీసేశారు."

ఆరిన్ వరసలో ఆమె దగ్గరకు జరిగాడు.

"షుగరు. ఎప్పటినుంచో ఉంది. పాదాలకి స్పర్శ పోయింది. డిసెంబర్లో జింకల వేటకెళ్ళాడా, బూట్లో చిన్న రాయి పడింది. సాయంత్రం దాకా దాని మీదే నడిచాడు. తెలిస్తేగా. ఇంటికొచ్చి మేజోడు విప్పితే రక్తం."

"మరి ఆ స్పాంజి..."

"డాక్టరు ఇచ్చినదే. అది లేకుండా అడుగు పెట్టొద్దన్నాడు."

"నాకు చెప్పొచ్చుగా ఫెర్న్?"

"నువ్వడిగావా?" అంది ఆమె. కోపంగా అనలేదు. "నీ బూటు వల్ల వేళ్ళు పోలేదు ఆరిన్, ఆ మాట నేననను. కానీ ఆ పూట తాడు బయట కూర్చుని వచ్చాడు చూడు, అప్పట్నుంచి డ్రమ్ము ముట్టుకోలేదు మనిషి. పెరట్లో షెడ్డులో పడేశాడు. అది చూస్తే నాకు ఏడుపొస్తుంది."

వరస కదిలింది. ఆమె వెళ్ళిపోయింది. ఆరిన్ చేప కొనకుండానే బయటికొచ్చి ట్రక్కులో కూర్చున్నాడు.

ఆదివారం వెళ్ళాడు. మెర్ల్ వాలుకుర్చీలో, కాలు ఎత్తి దిండు మీద పెట్టుకుని ఉన్నాడు.

"ఏరా, తనిఖీకొచ్చావా?" అన్నాడు మెర్ల్. "ఇదిగో మేజోడు. నైలాను. రాసుకో."

ఆరిన్ టోపీ చేతుల్లో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

"జూన్ శిబిరానికి నీకు బూట్లు కుట్టి పెడతాను" అన్నాడు.

"నేను రాను. డ్రమ్ము ఆ మందుల షాపు ట్రాక్సెల్‌గాడికిచ్చెయ్యి."

"వాడు వాయిస్తే గుర్రాలు బెదిరి పారిపోతాయి."

"మనకి గుర్రాలెక్కడివిరా?"

"అందుకే. ఉన్న మనుషులు పారిపోతారు."

మెర్ల్‌కు నవ్వొచ్చింది గానీ బయటపడనివ్వలేదు. "వినరా. నడవడానికి డాక్టరు ఒప్పుకున్నాడు. బూటు సరైంది కావాలన్నాడు, అంతే. కానీ ఆ తాడు బయట ఇంకోసారి కూర్చోలేను. అందుకన్నా ఈ కుర్చీయే నయం. అలాగని కుంటివాడు పాపం అని నువ్వు చూసీ చూడనట్టు వదిలేశావనుకో, డ్రమ్ము నీ నెత్తిన పగలగొడతా. తనిఖీలో నెగ్గే బూటు కుడతావా? కుట్టు. వస్తాను."

ఫెర్న్ వంటింట్లోంచి కేకేసింది, భోజనం చల్లారిపోతోందని. బల్ల మీద పంది మాంసం, పుల్ల క్యాబేజీ, మూడు పళ్ళేలు. ఆరిన్ తలొంచుకుని తిన్నాడు.

ఆరిన్‌కు తన పనితనం మీద గర్వం తక్కువ కాదు. పాతకాలం వాళ్ళకు మాత్రం పుళ్ళు పడలేదా, పాదాలు వాయలేదా, వాళ్ళేం చేశారో అదే చేద్దాం అనుకున్నాడు. వెడల్పాటి అచ్చు తీసుకుని, లోపల గొర్రె ఉన్ని పరిచి, దూడతోలుతో మెత్తని జత కుట్టాడు. దారం దగ్గర్నుంచి బకిలు దాకా పదిహేడువందల యాభై ఎనిమిదే. తీసుకుని మెర్ల్‌తో పాటు పాదాల క్లినిక్కుకు వెళ్ళాడు.

అక్కడి నర్సు పొట్టిగా, బొద్దుగా, ఎవరినీ లెక్కచేయని మనిషి. బూటులో చెయ్యి పెట్టి మూలమూలా తడిమింది.

"కుట్టు బాగుందండీ. ఇది ఏ కాలిది?"

"ఏ కాలికైనా సరిపోతుంది" అన్నాడు ఆరిన్ ఛాతీ విరుచుకుని.

"అంటే దేనికీ సరిపోదన్నమాట" అంది ఆమె. "ఈయన పాదానికి నొప్పి తెలీదు. తెలిసినవాళ్ళయితే బూటుని తిట్టుకుని విప్పేస్తారు. ఈయన రక్తమొచ్చేదాకా నడుస్తాడు. పాదం వంకర ఎటుంటే బూటు వంకర అటే ఉండాలి. స్పాంజి ఉండాలి. రోజూ కాళ్ళు మార్చి తొడగడం మాట ఇంకెప్పుడూ అనకండి."

ఆరిన్ ఎదురు చెప్పబోయి మెర్ల్ వైపు చూశాడు. మెర్ల్ గోడ మీద క్యాలెండరు చదువుతున్నాడు. ఆశ పెట్టుకుని వచ్చిన సంగతి దాచుకోవడానికి మనిషి అలా శ్రద్ధగా క్యాలెండరు చదువుతాడు.

"కుడిదో ఎడమదో తెలిసేలా కుడతాను" అన్నాడు ఆరిన్. మెల్లగా అన్నాడు. ఇన్నేళ్ళ ఉపన్యాసం ఆ ఒక్క మాటతో మింగేశాడు.

మెర్ల్ ఇంటికి రాగానే వంటింట్లో కాగితం పరిచి, మెర్ల్‌ను కుర్చీలో కూర్చోబెట్టి, తాను నేల మీద కూర్చుని ఆ పాదాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. వేళ్ళు తీసేసిన చోట చర్మం ఎర్రగా, నున్నగా ఉంది. పాదాన్ని కాగితం మీద ఆనించి పట్టుకుని, ఆరిన్ చుట్టూ పెన్సిలుతో గీత గీయసాగాడు.

"తప్పు చేశాన్రా" అన్నాడు తలెత్తకుండా.

"చేశావు" అన్నాడు మెర్ల్.

గీత మడమ దాకా వచ్చింది.

"పట్టుకున్నావా, వదిలేశావా?" అడిగాడు మెర్ల్. "నాకేం తెలీడం లేదు."

"పట్టుకునే ఉన్నా."

"సరే అయితే" అన్నాడు మెర్ల్.

నేలమాళిగలో ఫ్యాక్టరీ నాటి కొయ్య అచ్చుల జత ఒకటి ఉంది, కుడిదీ ఎడమదీ. ఫ్యాక్టరీ మూసేటప్పుడు తలా ఒక వస్తువు పట్టుకుపోతే ఇతను అవి తెచ్చి, తలుపు తెరిచి ఉంచడానికి అడ్డం పెట్టుకున్నాడు. ఇప్పుడు వాటికే మెర్ల్ పాదం గీత ప్రకారం తోలుముక్కలు అతికించి, చెక్కి, పెంచాడు. లోపల స్పాంజికి చోటు వదిలాడు. పైన మాత్రం గుండ్రటి ముక్కు, ఇత్తడి బకిలు, నల్ల మైనం. నిలబడి చూస్తే ఎవరికీ అనుమానం రాదు. అట్ట తిరగేస్తే వంపు తెలుస్తుంది, అదీ తెలిసినవాళ్ళకే. జీవితంలో మొదటిసారి ఆరిన్ దొంగపని చేశాడు. ఎంత శ్రద్ధగా చేశాడంటే, నిజాయతీగా చేసిన ఏ జతకూ అంత శ్రద్ధ పెట్టలేదు.

మెర్ల్ తొడుక్కుని గదిలో అటూ ఇటూ నడిచాడు.

"ఒరేయ్, ఇవి కుడి ఎడమలు."

"నోర్మూసుకుని నడువు."

జూన్ శిబిరం రోజు కోట ముందు మైదానంలో జనం మడతకుర్చీలు వేసుకుని కూర్చున్నారు. తాడు కట్టారు. మేము వరసగా నిలబడ్డాం. చివర మెర్ల్, షెడ్డులోంచి తీసి తుడిచిన డ్రమ్ముతో. అతని ముఖం పెళ్ళికొడుకు ముఖంలా ఉందని ఎవరో అన్నారు. ఫెర్న్ వంటపొయ్యి దగ్గర గరిటె పట్టుకుని నిలబడి, కుండ వైపు కాకుండా ఇటే చూస్తోంది.

ఆరిన్ చేతికర్ర పట్టుకుని ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చాడు. ఒకరి గుండీలు, ఒకరి మేజోళ్ళు. మెర్ల్ దగ్గరకు వచ్చేసరికి అడుగు కాస్త వేగం అయింది.

"అట్ట" అన్నాడు.

అందరినీ అడిగినట్టే అడగాలి కాబట్టి అడిగాడు. మెర్ల్ ఒక కాలు వెనక్కి మడిచి అట్ట చూపించాడు, మళ్ళీ రెండోది చూపించాడు. ఆరిన్ తలూపి వెనక్కి తిరిగాడు.

పక్కనే నిలబడ్డవాడు డ్వేన్ ట్రాక్సెల్. మందుల షాపు యజమాని, కంపెనీలో కార్పొరల్. బూట్ల సంగతులన్నీ ఆరిన్ దగ్గర నేర్చుకుని, గురువుగారిని మించి ఛాందసుడైనవాడు. చెడ్డవాడు కాదు. నోరు ఆగదు, అంతే.

"ఆరిన్ గారూ, అవి కుడి ఎడమలు" అన్నాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. మెర్ల్ ముఖంలో నెత్తురు లేదు. ఎవరివైపూ చూడకుండా డ్రమ్ము పట్టీ మీద చెయ్యి వేసి కొక్కెం విప్పబోయాడు.

"తియ్యకు" అన్నాడు ఆరిన్.

"తప్పు దొరికిందిగా."

"దొరికింది. ఫార్బే." ఆరిన్ గొంతు అందరికీ వినపడేలా ఉంది. "పదిహేడువందల యాభై ఎనిమిదిలో సైనికుడు తన బూటు తను కుట్టుకోలేదు. చెప్పులవాడు ఏమిస్తే అది తొడుక్కుని నడిచాడు. తప్పు బూటు కుట్టింది నేను. తెలిసే కుట్టాను. తెలిసే చూడనట్టు దాటిపోయాను. బయటికి పోవాల్సింది నేను."

ట్రాక్సెల్ ముఖం కందిపోయింది. "నేను అనకుండా ఉండాల్సింది, ఆరిన్ గారూ."

"నేను నేర్పిందే కదా అన్నావు. ఇదిగో, పట్టుకో" అని చేతికర్ర అతని చేతిలో పెట్టాడు.

"ఒరేయ్, ఎక్కడికిరా పిచ్చోడా?" అన్నాడు మెర్ల్.

"నియమం నియమమే" అన్నాడు ఆరిన్. నడుం పట్టేసిన మనిషి, తాడు కింద నుంచి వంగలేక దాన్ని ఎత్తి పట్టుకుని అవతలికి వెళ్ళాడు. ఉన్ని కోటు, మోకాళ్ళ దాకా లాగు, మూడు మూలల టోపీతో జనం మధ్య నిలబడితే అందరూ జరిగి చోటిచ్చారు. ఒకావిడ ఖాళీ మడతకుర్చీ చూపించింది. ఆమె చేతిలో పంచదార చల్లిన పిండివంట, పక్కన ఐసు పెట్టె. ఆరిన్ కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో అతను కవాతును తాడు బయట నుంచి చూసింది లేదు.

డ్రమ్ము మోగింది. కంపెనీ కదిలింది. అందరికన్నా ముందు మెర్ల్. ఎడమకాలు వేసినప్పుడల్లా ఒక పక్కకు ఒరుగుతున్నాడు, మళ్ళీ నిలదొక్కుకుంటున్నాడు. దెబ్బ మాత్రం తప్పడం లేదు. వెనక ఉన్న మేమంతా ఎవరూ చెప్పకుండానే అడుగు చిన్నది చేసి అతని అడుగుతో కలిపాం. జనం చప్పట్లు కొట్టారు. ఆరిన్ కోటు చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకున్న కొద్దీ వస్తూనే ఉన్నాయి.

పక్కావిడ అతని వైపు వంగింది.

"ముందున్న ఆ డ్రమ్మాయన ఎంత బాగా కుంటుతున్నాడండీ. అచ్చం ఆ కాలపు గాయపడ్డ సైనికుడిలాగే. నటన చాలా నేర్చుకోవాలేమో?"

"నటన కాదమ్మా" అన్నాడు ఆరిన్. "వాడు నా స్నేహితుడు."